రెండు పార్కింగులని చెప్పారు, బ్యాంకు వాల్యుయేషన్‌లో ఒకటే వచ్చింది: లెక్క ఎలా వేస్తారు?

నిజాంపేట_రవి

నిజాంపేటలో పాత ఫ్లాట్ ఒకటి మాట్లాడుకున్నాం. 1,240 చదరపు అడుగులు, మూడో అంతస్తు, తూర్పు వాకిలి. అమ్మేవారు చెప్పిన ధర 78 లక్షలు. "రెండు కార్ పార్కింగులు ఉన్నాయి, ఈ వీధిలో ఎవరికీ లేవు" అని మొదటి రోజు నుంచీ నొక్కి చెబుతున్నారు. కిందికి తీసుకెళ్లి రెండు చోట్లూ చూపించారు కూడా. తీరా బ్యాంకు పంపిన వాల్యుయర్ 72 లక్షలు కట్టి, నివేదికలో "కవర్డ్ పార్కింగ్: 1" అని రాశారు. 80 శాతం రుణం కాబట్టి నా చేతికి వచ్చేది 4.8 లక్షలు తగ్గిపోయింది.

అమ్మేవారిని అడిగితే "ఏళ్ల తరబడి రెండు కార్లు పెట్టుకుంటున్నాం, ఎవరైనా అడిగారా?" అంటున్నారు. దస్తావేజులో చూస్తే "100 చదరపు అడుగుల రిజర్వుడు కార్ పార్కింగ్ స్థలంతో సహా" అని ఒక్క ముక్క ఉంది, అంతే. ఇంటి విలువ కట్టేటప్పుడు పార్కింగును ఎలా లెక్కపెడతారు? కారు పట్టే చోటు చూస్తారా, కాగితం చూస్తారా? ఆరు లక్షల తేడా మొత్తం ఆ రెండో పార్కింగుదేనా?

తూర్పువాకిలి

దస్తావేజులో లేనిది లేనట్టే. మీ వాల్యుయర్ సరిగ్గానే రాశారు.

సొంతిల్లు_సాధిస్తా

అంత తేలిగ్గా తేల్చేయకండి. కొనేవాడు డబ్బు పెట్టేది కాగితానికా, వాడకానికా? నేను ఆరు నెలలుగా ప్రగతినగర్, బాచుపల్లి, నిజాంపేట తిరుగుతున్నాను. రెండు కార్లు పెట్టుకునే చోటు ఉందంటే చాలు, అదే అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ కంటే ఎక్కువ చెబుతున్నారు, ఇచ్చేవాళ్లు ఇస్తున్నారు. మార్కెట్ ఇస్తున్న ధరను వాల్యుయర్ కాదంటే ఎలా?

సివిల్_సుబ్బారావు

నేను చేసే పని ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

పార్కింగ్ దగ్గర మేము ముందుగా తెరిచేది దస్తావేజులో ఆస్తి వివరాలు రాసే షెడ్యూల్. అందులో ఎన్ని పార్కింగులు, నంబరు ఉందా, స్టిల్టా (స్తంభాల మధ్య ఖాళీగా వదిలిన కింది అంతస్తు) సెల్లారా (నేల కింది అంతస్తు) అన్నది చూస్తాం. తరువాత మంజూరైన ప్లాన్. ఆ చోటు ప్లాన్‌లో పార్కింగుగానే ఉందా, లేక డ్రైవ్‌వే, జనరేటర్ స్థలం, సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ), సందర్శకుల పార్కింగ్ లాంటిదా? ఆ తరువాత టేపు పట్టుకుని కిందికి దిగుతాం. కారు లోపలికి వెళ్లి, తలుపు తెరుచుకుని మనిషి దిగి, ఇంకో కారును కదపకుండా బయటికి రాగలదా? ఈ మూడూ కలిసిన చోటే నివేదికలో "1" అవుతుంది. కాగితం ఉండి కారు పట్టకపోతే ఆ మాట రాస్తాం. కారు పట్టి కాగితం లేకపోతే "ప్రస్తుతం వాడుకలో ఉంది, దస్తావేజులో లేదు" అని రాస్తాం, విలువ మాత్రం కట్టం.

సొంతిల్లు_సాధిస్తా గారూ, మీరు చెప్పే మార్కెట్ ధర అబద్ధం కాదు. కానీ బ్యాంకు చూసేది రేపు రుణం మొండిబకాయి పడితే ఆ ఫ్లాట్‌ను వేలంలో అమ్మగలమా అని. వేలంలో కొన్నవాడికి రెండో చోటు అప్పగించే కాగితం బ్యాంకు దగ్గర ఉండదు. అప్పుడు ఆ విలువ ఎక్కడి నుంచి వస్తుంది?

రవి గారూ, ఆరు లక్షలూ పార్కింగుదే అని అనుకోకండి. భవనం వయసు, ఆ వీధిలో నిజంగా రిజిస్టరైన ధరలు, అమ్మేవారు మొదట్లోనే కాస్త పెంచి చెప్పడం, ఇవన్నీ అందులో ఉంటాయి. నివేదికలో దేనికి ఎంత కట్టారో బ్యాంకును అడగండి. కొన్ని శాఖలు చూపిస్తాయి.

పద్మజ_కొండాపూర్

సుబ్బారావు గారు చెప్పిన టేపు విషయం అందరూ గుర్తుపెట్టుకోండి. మాకు దస్తావేజులో పార్కింగ్ ఉంది, నంబరు ఉంది, ప్లాన్‌లో కూడా ఉంది. ఒకవైపు స్తంభం, ఇంకోవైపు లిఫ్ట్ గోడ. మధ్య ఖాళీ 7 అడుగుల 4 అంగుళాలు. మా ఇన్నోవా వెడల్పు 1.83 మీటర్లు, అద్దాలు కలపకుండా. రెండు వైపులా కలిపి మిగిలేది 40 సెంటీమీటర్లు! మా వారు గోడకు ఆనించి పెట్టి, వెనుక సీటు మీదుగా డిక్కీ తలుపు నుంచి దిగేవారు. మామగారిని ఎక్కించాలంటే కారు ముందు బయటికి తీయాలి. ఫ్లాట్ కొన్నప్పుడు "పార్కింగ్ 1" అని టిక్కు పెట్టారు తప్ప ఎవరూ కొలవలేదు. చివరికి కారు అమ్మి చిన్నది కొన్నాం.

బెజవాడ_బుల్లెట్

పార్కింగుకు సరిపడే కారు కొన్నవాళ్లను మొదటిసారి వింటున్నాను పద్మజ గారూ :)

తూర్పువాకిలి

చెప్పులకు సరిపడా కాళ్లు!

నిజాంపేట_రవి

సుబ్బారావు గారూ, చాలా థాంక్స్. ఒక సందేహం. దస్తావేజులో 100 చదరపు అడుగులని ఉంది కదా. అమ్మేవారి లెక్క ఏమిటంటే, చదరపు అడుగు 6,000 చొప్పున ఒక్కో పార్కింగ్ 6 లక్షలు. అందుకే రెండోది లేదంటే ఆరు లక్షలు తగ్గిందని నాకూ అనిపించింది. ఆ లెక్క సరైనదేనా?

సివిల్_సుబ్బారావు

కాదు. పార్కింగును ఫ్లాట్ రేటుతో గుణించకూడదు. మీరు ఫ్లాట్‌కు ఇచ్చే 6,000లో గోడలు, టైల్స్, కిటికీలు, స్నానాల గది అమరికలు, లిఫ్ట్, మెట్లు, భూమి వాటా అన్నీ ఉన్నాయి. కింద ఉన్నది నేల మీద రెండు పసుపు గీతలు.

ఆ 100 అన్న అంకె మీద కూడా ఆధారపడకండి. దస్తావేజులు రాసే చోట అది అచ్చు వాక్యంలా పడిపోతుంది. 80 అని, 100 అని, 120 అని రాస్తుంటారు, ఎవరూ కొలిచి రాయరు. నిజంగా ఒక కారుకు 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు కావాలి. అంటే 12.5 చదరపు మీటర్లు, దాదాపు 135 చదరపు అడుగులు. 100 చదరపు అడుగులంటే 9.3 చదరపు మీటర్లే. కాబట్టి దస్తావేజులో అంకె చూసి చోటు ఉందనీ అనుకోవద్దు, లేదనీ అనుకోవద్దు. నంబరు, టేపు, ఈ రెండే ముఖ్యం.

కోర్టుమెట్లు

న్యాయవాదిని. రెండు విషయాలు చేరుస్తాను.

2010లో సుప్రీంకోర్టు నహల్‌చంద్ లాలూచంద్ కేసులో, ముంబయిలోని పాంచాలి సొసైటీ వివాదంలో, స్టిల్ట్ పార్కింగును బిల్డర్ ఫ్లాట్‌కు వేరుగా ఒక యూనిట్‌లా అమ్ముకోలేడని చెప్పింది. అది మహారాష్ట్ర 1963 ఫ్లాట్ల చట్టం మీద వచ్చిన తీర్పు. తరువాత వచ్చిన 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టంలో ఆరుబయట పార్కింగ్ ఉమ్మడి ప్రాంతాల జాబితాలోకి చేరింది. "గ్యారేజ్" అంటే పైకప్పు, మూడు వైపులా గోడలు ఉన్నదని నిర్వచనం ఇచ్చారు.

దీని వల్ల తేలేది ఏమిటంటే, గేటు పక్కన ఆకాశం కింద ఉన్న చోటును ఎవరైనా "నా సొంత రెండో పార్కింగ్" అంటే అది సొంతం కాదు. అందరిదీ. అక్కడ ఏళ్ల తరబడి కారు పెట్టినంత మాత్రాన హక్కు పుట్టదు. రవి గారూ, మీకు చూపించిన రెండో చోటుకు పైన కప్పు ఉందా?

నిజాంపేట_రవి

ఉంది సార్. రెండూ స్టిల్ట్ లోపలే. కానీ మొదటిదానికి గోడ మీద ఫ్లాట్ నంబరు రాసి ఉంది, రెండోదానికి లేదు. వాచ్‌మన్ గదికి ఆనుకుని ఉంది.

సొంతిల్లు_సాధిస్తా

కోర్టు మాట సరే. కానీ కేటాయింపు లేఖలు, సంఘం తీర్మానాలు ఉంటాయి కదా. మా అన్నయ్య మణికొండలో కొన్నప్పుడు రెండో పార్కింగ్ దస్తావేజులో లేదు. బిల్డర్ ఇచ్చిన లేఖ ఉంది, సంఘం రిజిస్టర్‌లో ఉంది. ఇప్పటికీ ఆయనే వాడుకుంటున్నాడు. దానికి విలువ సున్నా అంటే నేను ఒప్పుకోను.

సంఘం_కార్యదర్శి

నేను ఒక చిన్న అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని. స్టిల్ట్ పైన ఐదు అంతస్తులు, పది ఫ్లాట్లు. మా గొడవల్లో సగం నీళ్ల ట్యాంకర్ గురించి, మిగిలిన సగం పార్కింగ్ గురించి.

లెక్క చెబుతాను వినండి. మా స్టిల్ట్ విస్తీర్ణం సుమారు 2,800 చదరపు అడుగులు. కారు నిలిచే చోటు, తిరిగే దారి కలిపి చూస్తే కప్పు కింద ఒక్కో కారుకు 28 చదరపు మీటర్లు పడుతుందని ఢిల్లీ మాస్టర్ ప్లాన్-2021లో ఉంది. అంటే 300 చదరపు అడుగులకు పైనే. 2,800ను దానితో భాగిస్తే తొమ్మిది కార్లు. అందులోనే మెట్లు, లిఫ్ట్, వాచ్‌మన్ గది, మీటర్ల బోర్డు, మోటార్లు. కార్లు ఎలాగో ఇరికించి పది ఫ్లాట్లకు పది చోట్లు గీశాం. ఇలాంటి భవనంలో ఎవరైనా "నాకు రెండు" అన్నారంటే ఇంకొకరికి సున్నా అన్నమాట. లేదా ఆ ఇంకొకరికి ఇంకా కారు లేదు. కొన్న రోజున అడుగుతారు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. ప్రతి ఫ్లాట్‌కు కనీసం ఒక పార్కింగ్ చట్టం ఇస్తుందని అనుకుంటారు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 చూడండి. 750 చదరపు మీటర్ల లోపు స్థలంలో కట్టే అపార్ట్‌మెంట్‌కు స్టిల్ట్ అంతస్తు మొత్తం వదిలేస్తే పార్కింగ్ నిబంధన నెరవేరినట్టే లెక్క. 750 చదరపు మీటర్లంటే దాదాపు 897 గజాలు. మన కాలనీల్లోని చిన్న అపార్ట్‌మెంట్లన్నీ ఆ లోపలే వస్తాయి. ఎన్ని కార్లు పడతాయన్నది ఆ నిబంధన అడగదు. అందుకే మొత్తం ఎన్ని ఫ్లాట్లు, కింద ఎన్ని గీతలు అని ముందు లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలూ చాలా సంగతులు చెబుతాయి.

సొంతిల్లు_సాధిస్తా గారూ, సంఘం రిజిస్టర్ మాటకు వస్తే, ఆ రిజిస్టర్ రాసేది మాలాంటి వాళ్లమే. సర్వసభ్య సమావేశం తలచుకుంటే మార్చవచ్చు. మా దగ్గర గత సంవత్సరం మార్చాం కూడా.

సివిల్_సుబ్బారావు

కార్యదర్శి గారు రాసినది అక్షరాలా నిజం. సొంతిల్లు_సాధిస్తా గారి మాటలోనూ కొంత న్యాయం ఉంది. లేఖ, రిజిస్టర్ ఉన్న వాడకానికి సున్నా విలువ అని నేనూ అనను. బ్యాంకు నివేదికలో మాత్రం దానికి చోటు ఉండదు. కొనేవాడు తన జేబులోంచి ఎంత ఇవ్వాలన్నది అతని నిర్ణయం. ఆ హక్కు ఎప్పుడైనా పోవచ్చు అనుకుని ఇవ్వాలి.

సొంతిల్లు_సాధిస్తా

ఇది ఒప్పుకుంటాను. కానీ అలాంటప్పుడు బ్యాంకు విలువ వేరు, కొనుగోలు ధర వేరు అని ముందే చెప్పే మనిషి ఉండాలి. రవి గారిలాంటి వాళ్లు అడ్వాన్స్ ఇచ్చాక తెలుసుకుంటున్నారు. అదే నా బాధ.

బెజవాడ_బుల్లెట్

మీరందరూ అపార్ట్‌మెంట్ల గురించే మాట్లాడుతున్నారు. ఇండిపెండెంట్ ఇంటికి ఎలా? సత్యనారాయణపురంలో మా బాబాయి ఇల్లు అమ్మకానికి పెట్టారు. ప్రకటనలో "మూడు కార్ల పార్కింగ్" అని వేయించారు. పోర్టికోలో ఒకటి, గేటుకు పోర్టికోకు మధ్య ఒకటి, గేటు ముందు కాలువ మీద వేసిన ర్యాంపు పైన ఇంకొకటి.

సివిల్_సుబ్బారావు

పోర్టికోలోది ఒకటి. గేటు లోపల దాని వెనుక పూర్తి కారు పట్టి గేటు మూసుకుంటే రెండోదీ రాయవచ్చు, "ఒకదాని వెనుక ఒకటి" అని స్పష్టంగా. గేటు బయటిది మునిసిపాలిటీది. కాలువ మీద ర్యాంపు రేపు తవ్వేస్తే ఎవరినీ అడగలేరు. రోడ్డు మీద ఎంత చోటు ఉన్నా ఇంటి పార్కింగుగా లెక్కకు రాదు. గేటు వెడల్పు కూడా కొలవండి. పాత ఇళ్లలో గేటు చిన్నది, లోపల చోటు పెద్దది. కారు లోపలికే వెళ్లదు.

బెజవాడ_బుల్లెట్

గేటు వెడల్పు సరిపోతుంది. బాబాయికి ఈ సంగతి నేనే చెప్పాలి. మీరెవరైనా వచ్చి చెబుతారా?

ఫ్రిస్కో_శ్రీను

టెక్సాస్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ ఈ గొడవ తక్కువ. ఎందుకంటే లెక్కపెట్టే పద్ధతి ఫారంలోనే అచ్చయి ఉంటుంది. ఏళ్లుగా ఇళ్ల విలువ కట్టడానికి వాడుతూ వచ్చిన అప్రైజల్ ఫారం 1004లో "కార్ స్టోరేజ్" అని ఒక భాగం. డ్రైవ్‌వేలో ఎన్ని కార్లు, అది కాంక్రీటా కంకరా, గ్యారేజ్‌లో ఎన్ని, కార్‌పోర్టులో (గోడల్లేని కప్పు కింద) ఎన్ని, గ్యారేజ్ ఇంటికి కలిసి ఉందా, విడిగా ఉందా, ఇంటి లోపలే ఉందా అని వేర్వేరు గడులు. అన్నీ కలిపి "నాలుగు" అని ఒక అంకె వేయరు. కింద పోల్చే పట్టికలో మాత్రం గ్యారేజ్, కార్‌పోర్టుకు ఒక వరుస ఉంటుంది. పక్కన అమ్ముడైన ఇంటికి మూడు కార్ల గ్యారేజ్ ఉండి మీకు రెండే ఉంటే అక్కడ సర్దుబాటు చేస్తారు. డ్రైవ్‌వే దాదాపు ప్రతి ఇంటికీ ఉంటుంది కనుక దాని మీద డబ్బు అంతగా కదలదు.

గ్యారేజ్ విస్తీర్ణాన్ని ఇంటి నివాస విస్తీర్ణంలో కలపరు. ఎయిర్ కండిషనింగ్ పెట్టినా, కార్పెట్ వేసినా గ్యారేజ్ గ్యారేజే. మన వాళ్లు ఒకరు గ్యారేజ్‌ను పూర్తిగా మూసి సినిమా గదిగా మార్చారు. తలుపు తీసి గోడ కట్టేశారు. అమ్మేటప్పుడు "రెండు కార్ల గ్యారేజ్ కూడా ఉంది, కావాలంటే గోడ తీయవచ్చు" అన్నారు. అప్రైజర్ గ్యారేజ్ సున్నా అని రాశారు. వచ్చిన రోజున కారు లోపలికి వెళ్లాలి, అదే లెక్క.

తూర్పువాకిలి

అంటే సముద్రం అవతల కూడా టేపే గెలిచింది.

సంఘం_కార్యదర్శి

వేర్వేరు గడులు అన్న మాట నాకు నచ్చింది. మన దస్తావేజుల్లో కూడా "స్టిల్ట్, నంబరు ఇంత, వెడల్పు ఇంత, పొడవు ఇంత" అని ఉంటే సగం సంఘాలు ప్రశాంతంగా నిద్రపోతాయి.

కోర్టుమెట్లు

మహారాష్ట్ర రెరా 2024లో సరిగ్గా అదే అడిగింది. పార్కింగ్ నంబరు, పొడవు, వెడల్పు, ఎత్తు, భవనంలో ఎక్కడ ఉందన్నది అమ్మకం ఒప్పందానికి అనుబంధంగా పెట్టాలని బిల్డర్లకు చెప్పింది. ఎత్తు కూడా అడిగారు గమనించండి. పైన డ్రైనేజీ పైపు వేలాడే చోట్లు మన దగ్గరా ఎన్నో.

బెంగళూరు_తెలుగమ్మాయి

ఎత్తు మాట వచ్చింది కనుక చెబుతున్నాను. మా దగ్గర కొత్త అపార్ట్‌మెంట్‌లో యంత్రం పార్కింగ్. రెండు అరలు, మీట నొక్కితే పై అర కిందికి వస్తుంది. అమ్మేటప్పుడు "ఒక కవర్డ్ పార్కింగ్" అని రాశారు. మాకు వచ్చింది పై అర. ఎత్తైన ఎస్‌యూవీ అందులోకి వెళ్లదు. బరువుకూ పరిమితి ఉంది. కరెంటు పోయి జనరేటర్ మొరాయిస్తే కారు పైనే. దాని నిర్వహణకు విడిగా నెలనెలా కట్టాలి. దీన్ని కూడా మామూలు పార్కింగుతో సమానంగా "1" అని లెక్కపెడతారా?

సివిల్_సుబ్బారావు

అంకె ఒకటే, వర్ణన వేరు. "యాంత్రిక, పై అర" అని రాయాలి. పోల్చేటప్పుడు అదే భవనంలో నేల మీద పార్కింగ్ ఉన్న ఫ్లాట్ ఎంతకు పోయిందో చూసి తగ్గించాలి. బిల్డర్లకు ఇది ఎందుకు ఇష్టమో కార్యదర్శి గారు చెప్పిన ఢిల్లీ లెక్కలోనే ఉంది. బేస్‌మెంట్‌లో ఒక్కో కారుకు 32 చదరపు మీటర్లు, లిఫ్ట్‌తో నడిచే యంత్రం పెడితే 16. సగం చోటులో అదే సంఖ్య చూపించవచ్చు. సంఖ్య పెరిగింది, సౌకర్యం పెరగలేదు.

పద్మజ_కొండాపూర్

ఒకదాని వెనుక ఒకటి ఉండే పార్కింగ్ గురించి సుబ్బారావు గారు మెత్తగా మాట్లాడారని నాకు అనిపిస్తోంది. దాన్ని రెండు అని రాయకూడదు. మా అక్కకు అలాంటిదే ఇచ్చారు. బావగారిది రాత్రి పని. పొద్దున ఆరింటికి వచ్చి ముందు చోటులో నిద్రమత్తుతో కారు పెట్టి పడుకుంటారు. అక్క ఎనిమిదింటికి ఆసుపత్రి డ్యూటీకి వెళ్లాలంటే ఆయన్ని లేపి కారు తీయించాలి. ఒకటిన్నర అని రాస్తే న్యాయం.

సివిల్_సుబ్బారావు

ఒకటిన్నర అని రాస్తే చదివినవాడికి ఏమీ అర్థం కాదమ్మా. ఒకటిన్నర అంటే స్కూటర్ చోటు అనుకుంటారు. "రెండు, ఒకదాని వెనుక ఒకటి, రెండూ ఒకే ఫ్లాట్‌వి" అని రాయడమే సరి. ఆ అసౌకర్యం అంకెలో కాదు, ధరలో కనిపించాలి. వెనుక చోటు ఒక ఫ్లాట్‌ది, ముందు చోటు వేరే ఫ్లాట్‌ది అయితే మాత్రం నేను మీకంటే కఠినంగా ఉంటాను. వెనుకవాడికి స్వతంత్రంగా బయటికి వచ్చే దారి లేదు.

ధర ఎలా కట్టాలి అని రవి గారు అడిగింది అలాగే ఉండిపోయింది, చెబుతాను. ఒకే భవనంలోనో, ఒకే కాలనీలో ఒకే వయసు భవనాల్లోనో ఇటీవల అమ్ముడైన రెండు ఫ్లాట్లు తీసుకోవాలి. విస్తీర్ణం దాదాపు సమానం, ఒకదానికి ఒక పార్కింగ్, ఇంకోదానికి రెండు. అంతస్తు, ముఖం, లోపలి పనుల తేడాలు తీసేశాక మిగిలేదే ఆ రెండో పార్కింగ్ ధర. ఒక్క జత చాలదు, రెండు మూడు చూడాలి. నేను ఈ మధ్య మియాపూర్ వైపు చూసిన ఒక జతలో ఆ మిగులు మూడు లక్షల లోపే వచ్చింది. అదే పద్ధతిలో చూస్తే, వీధిలో కార్లు నిలిపే చోటే లేని పాత అమీర్‌పేట సందుల్లో ఎక్కువ వస్తుంది. రెండు పార్కింగులు అందరికీ ఇచ్చేసిన పెద్ద గేటెడ్ కాలనీలో మూడోదానికి దాదాపు ఏమీ రాదు. మొదటి పార్కింగ్ లేకపోతే కొనేవాళ్లు వెనక్కి తిరిగిపోతారు. రెండోది లేకపోతే బేరం ఆడతారు. కాబట్టి రెండింటికీ ఒకే ధర కట్టడం తప్పు.

సొంతిల్లు_సాధిస్తా

ఈ పోస్టును నేను దాచుకుంటున్నాను. ఆరు నెలలుగా తిరుగుతున్నా ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. ఏజెంట్లందరూ ఆ 100 ఇంటూ రేటు లెక్కే చెబుతారు.

నిజాంపేట_రవి

మీరందరూ చెప్పాక ఆదివారం టేపు పట్టుకుని వెళ్లాను. మొత్తం పదిహేను ఫ్లాట్లు, గీతలు పదహారు. మొదటి చోటు వెడల్పు 8 అడుగుల 3 అంగుళాలు, పొడవు 16 అడుగులు. మా స్విఫ్ట్‌కు హాయిగా సరిపోతుంది. రెండోది ఆ పదహారో గీత. వాచ్‌మన్ గది తలుపు దానిలోకే తెరుచుకుంటుంది! కారు పెట్టాక తలుపు సగమే వస్తుంది. వాచ్‌మన్ భార్య బిందె పట్టుకుని పక్కకు తిరిగి లోపలికి వెళ్లింది. నాకు చాలా బాధేసింది. సంఘం వాళ్ల దగ్గర ప్లాన్ జిరాక్స్ అడిగి చూశాను. అక్కడ పార్కింగ్ గీతే లేదు. అమ్మేవారు వాచ్‌మన్‌కు నెలకు కొంత ఇచ్చి అక్కడ కారు పెడుతున్నారట.

సంఘం_కార్యదర్శి

ఇక సందేహం ఏముంది. అది పార్కింగ్ కాదు, ఒక కుటుంబం గుమ్మం.

పద్మజ_కొండాపూర్

మీరు ఎంత ధరకు కొన్నా సరే, ఆ చోటులో కారు పెట్టకండి రవి గారూ.

నిజాంపేట_రవి

పెట్టను అండి. అమ్మేవారితో మాట్లాడాను. కొలతలు, ప్లాన్ ఫొటో చూపించాను. ముందు కోపగించుకున్నారు. తరువాత వాళ్ల అబ్బాయి నచ్చజెప్పాడు. 74కి ఒప్పుకున్నారు, ఒక్క పార్కింగుతో. బ్యాంకు 72 కట్టింది కాబట్టి పైన రెండు లక్షలు నేను సర్దుకోవాలి. ఇల్లు నచ్చింది, అమ్మకు దగ్గరలో గుడి ఉంది. తీసుకుంటున్నాం. ఇప్పుడు దస్తావేజులో పార్కింగ్ గురించి ఎలా రాయించాలి?

కోర్టుమెట్లు

పాత దస్తావేజులో ఉన్నదాని కంటే ఎక్కువ హక్కు అమ్మేవారు మీకు ఇవ్వలేరు. కానీ ఉన్నదాన్ని స్పష్టం చేయవచ్చు. "స్టిల్ట్ అంతస్తులో ఫ్లాట్ నంబరు ఇంతకు కేటాయించిన, గోడ మీద ఇంత అంకె వేసి ఉన్న, ఇంత వెడల్పు ఇంత పొడవు గల ఒక కారు పార్కింగ్ వాడుక హక్కుతో సహా" అని షెడ్యూల్‌లో రాయించండి. హద్దులు కూడా: తూర్పున ఏ స్తంభం, పడమర ఎవరి పార్కింగ్. దానికి ఒక చేతి గీత ప్లాన్ జతచేసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. సంఘం నుంచి బకాయిలు లేవనే లేఖ తీసుకునేటప్పుడు పార్కింగ్ నంబరు కూడా అందులో వేయించండి. "రెండు" అన్న మాట ఒప్పందంలో ఎక్కడైనా ఉంటే తీసేయించండి. రేపు మీరు అమ్మేటప్పుడు అదే మీకు తలనొప్పి.

కొత్తగా_చేరాను

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. ఎలక్ట్రిక్ కారు ఛార్జింగ్ పాయింట్ ఉన్న పార్కింగుకు ఎక్కువ కడతారా?

సంఘం_కార్యదర్శి

ఆ పాయింట్ మీ ఫ్లాట్ మీటర్ నుంచి వచ్చిందా, ఉమ్మడి మీటర్ నుంచా అన్నది ముందు చూడండి. ఉమ్మడి మీటర్ అయితే అది మీ ఫ్లాట్ విలువలోకి రాదు, మా సమావేశం అజెండాలోకి వస్తుంది.

సివిల్_సుబ్బారావు

సొంత మీటర్ నుంచి, అనుమతితో వేసిన లైన్ అయితే నివేదికలో రాస్తాం. వేయడానికి అయిన ఖర్చు దాకా కలుపుతాం, అంతకు మించి కాదు. పార్కింగ్ సంఖ్య మాత్రం మారదు.

బెజవాడ_బుల్లెట్

బాబాయికి చెప్పాను. ప్రకటనలో మూడు తీసి "ఒకదాని వెనుక ఒకటి, రెండు" అని మార్చారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, ఇప్పుడు పరవాలేదు. సుబ్బారావు గారూ, ఒక్క ప్రశ్న. వెడల్పు కొలిచేటప్పుడు గీత నుంచి గీతకా, స్తంభం నుంచి స్తంభానికా?

సివిల్_సుబ్బారావు

పక్కన స్తంభం ఉంటే దాని ప్లాస్టర్ అంచు నుంచి. పక్కన ఇంకో కారు చోటు ఉంటే గీత మధ్య నుంచి. స్తంభానికి పైపులు బిగించి ఉంటే పైపు అంచు నుంచి. నేల దగ్గర ఒకసారి, కారు తలుపు ఎత్తులో ఇంకోసారి కొలవండి. రెండింటిలో తక్కువ వచ్చినదే రాయండి.